పక్కింటి కుక్క రాత్రంతా మొరుగుతుంటే ఏం చేయాలి

పక్కింటి కుక్క విషయంలో గొడవలు చాలావరకు ముదిరేది అడిగే తీరులోనే. "మీ కుక్కని కాస్త అదుపులో పెట్టుకోండి" అంటే ఎదుటి మనిషికి వినిపించేది తప్పుపట్టడమే గానీ, తను చేయాల్సిన పనేమిటో కాదు. కుక్క ఎప్పుడు, ఎందుకు మొరుగుతోందో ముందు మీరు కనిపెట్టి, దానికి సరిపడే చిన్న మార్పు ఒక్కటి అడిగితే, చాలా గొడవలు స్టేషన్ దాకా పోకుండానే తీరతాయి.

ముందు రాసుకోండి

వారం నుంచి రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, అప్పుడు బయట ఏం జరిగింది రాయండి. "రాత్రంతా అరిచింది" అని రాస్తే పనికిరాదు. "11.40 నుంచి 12.05 దాకా, ఆగి ఆగి, వీధి కుక్కలు వచ్చినప్పుడు" అని ఉండాలి. ఫోన్‌లో రెండు మూడు నిమిషాల రికార్డింగులు నాలుగైదు చాలు. అవి మీ ఇంట్లో, మీరు పడుకునే గదిలోంచే తీయండి. వాళ్ల ప్రహరీ మీదుగా వీడియో తీస్తే విషయం కుక్క నుంచి మీ మీదికి మళ్లుతుంది.

ఈ పట్టికే కారణం చెబుతుంది. ఉదయం ఇంట్లోవాళ్లు ఆఫీసుకు బయల్దేరిన అరగంటలోపే ఏడుపులాంటి అరుపు మొదలై గంటల తరబడి సాగితే అది ఒంటరితనం. ఇలాంటి ఇంట్లో యజమానికి సంగతి నిజంగానే తెలియదు, ఎందుకంటే ఆయన ఉన్నప్పుడు కుక్క మొరగదు. పాలవాడు, డెలివరీ కుర్రాడు, బండి వెళ్లినప్పుడల్లా ఒక్కసారిగా ఎగిరి పడుతుంటే గేటు కాపలా. రోజంతా ఒకే వరసన, ఏ కారణం లేకుండా అరుస్తుంటే చాలావరకు గొలుసుతో కట్టేసి ఉంచిన కుక్క. ముసలి కుక్క ఉన్నట్టుండి రాత్రుళ్లు మొరగడం మొదలుపెడితే నొప్పి, వినికిడి తగ్గడం, మతి తప్పడం లాంటివి ఉండొచ్చు. అది పశువైద్యుడు చూడాల్సిన పని.

వెళ్లి మాట్లాడటం

అర్ధరాత్రి నిద్రలేచిన కోపంతో తలుపు కొట్టొద్దు. లిఫ్టులో నలుగురి ముందు ఎత్తొద్దు. వాచ్‌మన్‌తో కబురు పంపితే ఇంకా చెడుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అక్కడ పడిన మాట మళ్లీ వెనక్కి రాదు, ఆ సాయంత్రానికి బిల్డింగ్ రెండు వర్గాలైపోతుంది. ఆదివారం పదకొండు గంటల వేళ ఒక్కరే వెళ్లండి.

చిన్న విషయమే అనిపించినా, ఆ కుక్క పేరు తెలుసుకుని వెళ్లండి. పెంచుకునేవాళ్లు దాన్ని "మావాడు" అంటారు, "మీ కుక్క" అన్న మాటకే ముఖం మారిపోతుంది. "అన్నా, ఏమనుకోకండి. మీరు ఆఫీసుకెళ్లాక బ్రూనో ఒక గంట దాకా ఒకటే అరుపు. మీకు తెలిసే వీలు లేదు కదా, అందుకని చెబుదామని వచ్చాను" అంటే చాలు. పెద్దవాళ్లయితే అంకుల్, ఆంటీ, లేదా పేరు చివర గారు చేర్చి మాట్లాడితే సరిపోతుంది. తర్వాత అడిగేది ఒక్కటే, గడువుతో: "ఒక పది రోజులు రాత్రి పదికల్లా లోపలికి తీసుకుని చూద్దామా?"

"కట్టేయండి" అని మాత్రం అడగొద్దు. కదలనివ్వకపోతే కుక్క మొరగడం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఏం మార్పు అడగాలి

గేటు దగ్గర మొరిగే కుక్కకు వీధి కనబడకుండా చేయడమే సగం వైద్యం. గేటు కమ్మీలకు లోపలివైపు రేకుగానీ ఆకుపచ్చ షేడ్ నెట్‌గానీ కుక్క నిలబడినప్పుడు దాని తల కంటే అడుగు ఎత్తుకు కట్టాలి. నెట్ పలచనిదైతే నీడలు కదులుతూ కనబడి పని చెడుతుంది, రెండు వరసలు వేయాలి. పడక కూడా గేటు పక్కనుంచి ఇంటి వెనక్కి మార్చాలి, అయితే ఆ వెనకవైపు మీ పడకగది కిటికీ లేదని ముందే చూసుకోండి.

ఒంటరిగా ఉండే కుక్కను యజమాని బయల్దేరే ముందు అరగంట నుంచి ముప్పావు గంట నడిపించాలి, వాసన చూస్తూ తీరిగ్గా. ఎండాకాలంలో ఆ నడక సూర్యుడు ఎక్కకముందే అయిపోవాలి, తారు రోడ్డు పాదాలను కాలుస్తుంది. పెరుగన్నం కూరి గడ్డ కట్టించిన రబ్బరు బొమ్మ ఇచ్చి వెళితే మొదటి అరగంట గడుస్తుంది, ఆ అరగంటే కీలకం. మధ్యాహ్నం ఎవరైనా ఒకసారి వచ్చి బయటికి తిప్పితే ఇంకా మేలు.

ఒక సంగతి ఇద్దరూ తెలుసుకోవాలి. ఇన్నాళ్లూ మొరిగితే ఎవరో ఒకరు వచ్చి పలకరించేవారు, ఇప్పుడు పలకరించడం మానేస్తే మొదటి కొన్ని రోజులు అరుపు ఇంకా పెరుగుతుంది. చాలామంది అక్కడే విసిగి వదిలేస్తారు, దాంతో గట్టిగా అరిస్తే వస్తారని కుక్క నేర్చుకుంటుంది. మీరు బాల్కనీలోంచి "ఏయ్!" అని కేకేసినా అంతే, తనతో పాటు ఇంకొకరు మొరుగుతున్నారనుకుంటుంది. మనకు వినబడని సన్నటి శబ్దం చేసే అల్ట్రాసోనిక్ పరికరాలకు కుక్కలు త్వరగా అలవాటుపడతాయి. షాక్ కొట్టే పట్టీ భయాన్ని పెంచి కరిచే దాకా తేవచ్చు.

ఈలోపు మీ నిద్ర సంగతి: స్లైడింగ్ కిటికీల సందుల్లోంచే ఎక్కువ శబ్దం వస్తుంది. ఆ సందులకు రబ్బరు పట్టీ వేస్తే తేడా తెలుస్తుంది. మందపాటి పరదాలకు ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ.

అసోసియేషన్ దాకా వెళితే

సెక్రటరీకి మీ పట్టిక జతచేసి ఉత్తరం ఇవ్వండి. కానీ అసోసియేషన్ చేయగలిగింది పరిమితమే. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కలను నిషేధించడం కుదరదు, మొరుగుతోందన్న కారణంతోనూ కుదరదు. అదే మార్గదర్శకాలు రాత్రివేళ కుక్కను నిశ్శబ్దంగా ఉంచడానికి యజమాని అన్ని ప్రయత్నాలూ చేయాలనీ చెబుతాయి. మీరు పట్టుకోవాల్సింది ఆ రెండో వాక్యం.

చట్టం

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. దాన్ని 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్ యాప్ చూపే అంకె మీకు అంచనా మాత్రమే, సాక్ష్యంగా దాన్ని నమ్ముకోవద్దు. స్టేషన్‌లో పిటిషన్ ఇస్తే రసీదు తీసుకోండి. సాధారణంగా ఇద్దర్నీ పిలిచి మాట్లాడి పంపుతారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశం ఇవ్వవచ్చు, కానీ అది పదిమందికీ ఇబ్బంది అయినప్పటి మాట. ఒక్క ఇంటి సంతకంతో బలం ఉండదు.

కుక్కను ఎప్పుడూ గొలుసుకే కట్టి నడిపించకపోయినా, తిండీ నీళ్లూ పెట్టకపోయినా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ వర్తిస్తుంది. ఇక కోపంలో కుక్కకు విషం పెట్టాలన్న ఆలోచన ఎవరైనా చెబితే: భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు.

అరిచేవి వీధి కుక్కలైతే దారి వేరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం మునిసిపాలిటీ వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకాలు వేయించి తెచ్చిన చోటే వదలాలి. పక్కింటివాళ్లు రాత్రి పూట తిండి పెడుతుంటే సాయంత్రానికి మార్చమని, చోటు గేట్లకూ మెట్లకూ పిల్లలు ఆడే చోటికీ దూరంగా ఉంచమని అడగండి. చోటు విషయంలో ఆ నియమాల్లోనూ ఆ మాటే ఉంది.

మాటలతో తెగకపోతే సివిల్ దావా కంటే ముందు మండల న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు, అక్కడి అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. అందుకే అందులో రాయించే మాటలు జాగ్రత్త. "కుక్క మొరగకూడదు" అని రాయిస్తే ఎవరూ అమలు చేయలేరు. "రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇంటి లోపల ఉంచాలి, ఈ నెలాఖరులోగా గేటుకు రేకు కొట్టించాలి" అని రాయించండి.