పాలకూర–చిలగడదుంప వేపుడు ముద్దవకుండా

చలికాలంలో ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు పాలకూర, చిలగడదుంప రెండూ తాజాగా దొరుకుతాయి. 20 నిమిషాల్లో అయ్యే వేపుడు ఇది. నలుగురికి 400 గ్రాముల దుంప, 200 గ్రాముల పాలకూర చాలు.

దుంపను ముందే ఉడకబెట్టొద్దు. నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, ఆకు కలిపేసరికి ముద్దే. తొక్కతోనే కడిగి, తుడిచి, అరంగుళం ముక్కలు కోయండి.

వెడల్పాటి మూకుట్లో రెండు చెంచాల నూనె, అర చెంచా పంచఫుటాణా (ఆవాలు, మెంతులు, జీలకర్ర, సోంపు, కలోంజీ కలిపిన ఒడియా పోపు గింజలు). మంట మధ్యస్థంగానే ఉండాలి, అందులోని మెంతులు మాడితే కూరంతా చేదే. ఆవాలు చిటపటలాడగానే ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, పసుపు, ముక్కలు వేసి మూతపెట్టి 8 నిమిషాలు సన్నమంట మీద మగ్గించండి. చాకు సులువుగా దిగాక మూత తీసి, మంట పెంచి ఎర్రగా వేయించండి.

పాలకూర కడిగి నీళ్లన్నీ వాడ్చి, తరిగి చివర్లో వేయండి. రెండే నిమిషాలు, మూత వద్దు. ఉప్పు ఆకు అణిగాకే, ముందే వేస్తే నీరు కారుతుంది, పైగా ఎక్కువైపోతుంది. దించాక నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

నారింజ రంగు గుజ్జున్న దుంప దొరికితే అదే కొనండి, విటమిన్ ఎ కి కావలసిన బీటా కెరోటిన్ అందులోనే ఎక్కువ.