ఎంజీబీ కొనబోతున్నారా? ముందు కారు కిందకి దూరండి

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని రకం) ప్రకటనల్లో మొదటి ఫొటో ఎప్పుడూ మెరిసే బానెట్‌దే. ఈ కారులో డబ్బు తినేది మాత్రం బానెట్ కింద ఉన్నది కాదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్‌లో అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి, ఇంజిన్ సామాన్లు దాదాపు అన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. అసలు ఖర్చు రేకుల్లో ఉంది. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు. పైకప్పు లేని కారు కాబట్టి బరువంతా తలుపుల కింద పొడవునా సాగే సిల్స్ అనే దూలాల మీదే పడుతుంది. అవి తుప్పు పడితే కారు నడుం విరిగినట్టే.

వెళ్లేటప్పుడు ఒక టార్చి, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, పరుచుకోడానికి పాత దుప్పటి, జాకీ పట్టుకెళ్లండి. వానలో, చీకట్లో చూడొద్దు. తడిసిన పెయింట్ ప్రతి కారునీ అందగత్తెను చేస్తుంది.

సిల్ అంటే ఒక్క రేకు కాదు. బయటి రేకు, లోపలి రేకు, రెంటి మధ్య నిలువు రేకు, అడుగున కోటగోడ పళ్లలా వంపులు తిరిగిన క్యాజిల్ రైలు. లోపలికి చేరిన నీరు ఆ పళ్ల సందుల్లోంచే కారిపోవాలి. చవకగా టింకరింగ్ చేసేవాళ్లు లోపలి తుప్పుని అలాగే వదిలేసి పైన కొత్త తొడుగు అంటిస్తారు. అప్పుడా సందులు మూసుకుపోయి, నీరు నిలిచి, కుళ్లు మరింత పెరుగుతుంది. అడుగున చెయ్యి పెట్టి తడమండి: సందులు తెలియకపోయినా, అతుకు మీద అతుకు తగిలినా బేరం అక్కడే ఆపొచ్చు. అయస్కాంతం అంటుకోకపోతే అక్కడున్నది పుట్టీ.

తర్వాత తలుపు వెనక అంచు చూడండి. సందు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటే బాడీ మధ్యలో కుంగినట్టు. సిల్ మధ్యలో ఉండే అసలు జాకీ పాయింట్ దగ్గర నెమ్మదిగా లేపి, తలుపు తీసి వేయండి. నేల మీద హాయిగా పడిన తలుపు ఇప్పుడు రాసుకుంటే సిల్స్‌లో సత్తువ లేదు. జాకీయే లోపలికి దిగబడితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. తలుపు మీద ముందు చిన్న అద్దం కింద నిలువు పగులు చాలా ఎంజీబీల్లో కనిపిస్తుంది. అది వేరే జబ్బు, దానికి భయపడక్కర్లేదు. ముందు రెక్కల (చక్రాల మీది రేకుల) కింది కొసలు, వెనక కమాను కట్టల ముందు చివర తగిలించే చోటు, సీట్ల వెనకున్న బ్యాటరీ పెట్టెలు మాత్రం వదలకుండా చూడాలి. 1974 దాకా అక్కడ రెండు 6 వోల్టుల బ్యాటరీలుండేవి. ఆసిడ్ కారి పెట్టె అడుగు ఊడిపోవడం మామూలే.

ఇంజిన్ 1798 సీసీ. మన అంబాసిడర్ నడిచిన 1489 సీసీ కూడా ఇదే బీ-సిరీస్ ఇంజిన్ల కుటుంబం, కాబట్టి దాని మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌కి ఇది కొత్త కాదు. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికే రేడియేటర్ వెచ్చగా ఉంటే ఎందుకో అడగండి. ఇరవై నిమిషాలు నడిపాక ఆయిల్ ప్రెషర్ రోడ్డు మీద 50 నుంచి 70, ఐడిల్‌లో కనీసం 15 పీఎస్ఐ చూపించాలి. అంతకన్నా తక్కువైతే బేరింగులు అరిగాయని అనుమానించాలి. టాపెట్లు (వాల్వుల్ని తెరిచే భాగాలు) కాస్త టకటకమంటేనే మేలు. అసలు చప్పుడే లేకపోతే అంగుళంలో వెయ్యికి 15 వంతులు ఉండాల్సిన సందు తగ్గిపోయి ఎగ్జాస్ట్ వాల్వులు కాలుతుండొచ్చు. 1964 చివరి దాకా క్రాంక్ షాఫ్ట్‌కి మూడు మెయిన్ బేరింగులే, ఆ తర్వాత అయిదు. రోజూ నడపాలనుకుంటే అయిదుదే తీసుకోండి.

క్లచ్ జారితే చిన్న పని అనుకోవద్దు. ప్లేటు మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాల్సిందే. ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ తిరిగే వేగం తగ్గించే అదనపు గేరు) ఉందంటే నాలుగో గేర్లో 3,000 ఆర్పీఎం దగ్గర స్విచ్ వేయండి. కారు వేగం మారకుండా ఆర్పీఎం 2,450 దగ్గరికి దిగాలి. ఏమీ జరగకపోతే చాలాసార్లు తప్పు వైరుదో స్విచ్‌దో. అమ్మేవాళ్లకి ఆ మాట చెప్పక్కర్లేదు.

ముందు చక్రాన్ని నేల నుంచి లేపి పైన, కింద పట్టుకుని ఊపండి. ఆడితే ఒకరిని బ్రేకు తొక్కమనండి. అప్పుడు ఆగితే లోపం బేరింగుది, ఆగకపోతే గ్రీజు లేక అరిగిన కింగ్‌పిన్‌ది (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసుది). వైరు (సన్నని పుల్లల) చక్రాలైతే బ్రేకు తొక్కి ఉంచి చక్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పండి. టక్కుమంటే చక్రం కూర్చునే హబ్ పళ్లు అరిగాయి, హబ్బు, చక్రం రెండూ మార్చాలి.

1967 దాకా వచ్చినవి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. మార్చారో లేదో చూడకుండా కొత్త రేడియో తగిలిస్తే మాడిపోతుంది.

కాగితాల్లో మొదట కారుకి కంపెనీ వేసిన నంబరు. రోడ్‌స్టర్ అయితే జీహెచ్ఎన్, పైకప్పున్న జీటీ అయితే జీహెచ్‌డీతో మొదలవుతుంది. తర్వాతి అంకె తరం: 1967 దాకా 3, 1969 దాకా 4, ఆపైన 5. దాని వెనక యూ అక్షరం ఉంటే అమెరికాకు తయారైన కారు. 1974 చివరి నుంచి నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి, కారు ఎత్తూ పెరిగింది. వాటికి క్రోమ్ బంపర్లు తగిలించి పాతదని అమ్మేవాళ్లుంటారు, నంబరు చూడనిదే నమ్మొద్దు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకి సాధారణంగా ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు. అయినా గత పరీక్షల చరిత్ర ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. సిల్స్ తుప్పని ఒకప్పుడు రాసి ఉంటే, బాగు చేసిన బిల్లు, ఫొటోలు అడగండి.

భారత్‌లోనే ఉన్న బండి అయితే, 50 ఏళ్లు దాటాక 2021 నిబంధనల కింద వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరుకి దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి బండి అసలు రూపంలోనే ఉండాలి. బాడీని, ఇంజిన్‌ని పెద్దగా మార్చినదైతే కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.