పండుగ ఆఫర్లలో హోమ్ థియేటర్ రిసీవర్ కొనే ముందు జాగ్రత్తలు

దసరా నుంచి దీపావళి దాకా సాగే తగ్గింపు ధరల రోజుల్లో తక్కువ బడ్జెట్‌లో రిసీవర్ (టీవీ, ప్లేయర్ల ధ్వనిని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె) కొందామనుకునేవారు, ధరలు చూడకముందే ఇంట్లో ఒక పని చేయాలి. ఉన్న స్పీకర్లను వెనక్కి తిప్పి, వాటి మీది స్టిక్కర్‌లో ఎన్ని ఓమ్‌లు (కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం) అని ఉందో రాసుకోవాలి. ఒకప్పుడు డీవీడీ ప్లేయర్‌తో కలిపి ఒకే పెట్టెలో అమ్మిన సెట్ల స్పీకర్లు చాలావరకు 3 లేదా 4 ఓమ్‌లవే. చవక రిసీవర్లలో ఎక్కువ భాగం 6 ఓమ్‌లు, అంతకు పైబడిన స్పీకర్ల కోసం తయారైనవి. ఓమ్‌లు తగ్గేకొద్దీ స్పీకర్ లాగే కరెంటు పెరుగుతుంది కనుక, సౌండు పెంచగానే రిసీవర్ వేడెక్కి తనంతట తాను ఆగిపోవచ్చు, లేదా లోపలి భాగాలే కాలిపోవచ్చు. ఆ పాత సెట్‌లోని సబ్‌వూఫర్ (బాస్ ధ్వనుల స్పీకర్) కూడా సాధారణంగా పనికిరాదు. రిసీవర్ వెనక ఉండే సబ్‌వూఫర్ పిన్ను నుంచి సిగ్నల్ మాత్రమే వస్తుంది. దానికి సొంత ఆంప్లిఫయర్, సొంత కరెంటు ప్లగ్గు ఉన్న సబ్‌వూఫర్ కావాలి. స్పీకర్లు ఎలాగూ ఉన్నాయి, రిసీవర్ ఒక్కటి తెస్తే చాలు అనుకునేవారు ఈ ఖర్చును ముందే కలుపుకోవాలి.

ఎక్కువమంది మోసపోయేది వాట్ల దగ్గర. ఒకే రిసీవర్‌కు ఒకచోట 70 వాట్లు అనీ, మరోచోట 130కి పైగా అనీ రాసి ఉండటం మామూలే, రెండూ అబద్ధం కాకపోవచ్చు కూడా. పెద్ద అంకె సాధారణంగా ఒక్క ఛానెల్‌ను (ఒక స్పీకర్‌కు వెళ్లే ధ్వని దారిని) మాత్రమే నడిపి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 6 ఓమ్‌ల మీద, ధ్వని 10 శాతం వక్రీకరణ చెందేదాకా పెంచి కొలిచినది. అంత వక్రీకరణతో ఎవరూ సినిమా చూడరు. రెండు ఛానెళ్లు నడిపి, 8 ఓమ్‌ల మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.1 శాతంలోపు వక్రీకరణతో ఇచ్చిన అంకెనే పోల్చుకోవాలి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరుతో చెప్పే అంకె) అని వేలల్లో రాసిన పెట్టెను అక్కడే వదిలేయడం మేలు. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 70కి, 90కి మధ్య తేడా ఒక డెసిబెల్ చుట్టుపక్కల ఉంటుంది, అది చెవికి దాదాపు తెలియదు. 87 బదులు 90 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అంతే శక్తికి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత) ఉన్న స్పీకర్లు ఎంచుకుంటే రిసీవర్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం. పన్నెండు, పద్నాలుగు అడుగుల గదికి 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) సరిపోతుంది, ఏడు ఛానెళ్లకు డబ్బు పెట్టి, సోఫా వెనక గోడే ఉన్నందున రెండు స్పీకర్లను అటక మీద పెట్టినవారిని నేను చూశాను.

టీవీకి కలిపే తీరు కూడా ముందే తేల్చుకోవాలి. ఆప్టికల్ కేబుల్‌లో కంప్రెస్ చేసిన 5.1 వరకే వస్తుంది. ఓటీటీలో వచ్చే అట్మాస్‌కు (పైనుంచి కూడా ధ్వని వినిపించే పద్ధతికి) టీవీ సహకరిస్తే మామూలు ఆర్క్ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిసీవర్‌కు పంపే సదుపాయం) చాలు; బ్లూ-రే ప్లేయర్‌ను టీవీకి కలిపి పూర్తి నాణ్యత ధ్వని కావాలనుకుంటేనే దాని మెరుగైన రూపమైన ఈ-ఆర్క్ అవసరం. ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే కలిపితే ఆ అవసరమూ ఉండదు. బాగా తగ్గించి అమ్మే పాత స్టాకులో హెచ్‌డీసీపీ 2.2 (వీడియో కాపీ కాకుండా కాపాడే రక్షణ) ఉందో లేదో తప్పక అడగాలి, అది లేకపోతే రిసీవర్ గుండా 4కె సినిమాలు సరిగా రావు.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారికి ప్రత్యేక హెచ్చరిక. అక్కడి రిసీవర్లు చాలావరకు 120 వోల్టులకే, మన సరఫరా 230. మా తమ్ముడు తెచ్చిన రిసీవర్‌కు ప్లగ్ అడాప్టర్ మాత్రమే తగిలించి స్విచ్ వేశాం. టప్పుమని ఒక శబ్దం, ఆ తర్వాత రెండు రోజులు పోని కాలిన వాసన. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. వెనక ప్లేటు మీద 120 అని మాత్రమే ఉంటే, రిసీవర్ వాడే కరెంటును మించిన సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని ఆశ పెట్టుకోకూడదు.

అక్టోబరు ఉరుముల వానల్లో రిసీవర్ ప్లగ్గుతో పాటు దానికి, టీవీకి వచ్చే కేబుల్, ఇంటర్నెట్ వైర్లను కూడా ఊడదీయాలి, ఎందుకంటే పిడుగు ప్రభావం ఆ దారిలోనూ వస్తుంది. టీవీ కింద తలుపులున్న అరలో రిసీవర్‌ను ఇరికించి మూయకూడదు, పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టకూడదు. స్పీకర్ వైర్లు బిగించేటప్పుడు స్విచ్ ఆపి, కొసల రాగి పోగులను మెలిపెట్టాలి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా షార్ట్ అవుతుంది. ఇంటికి తెచ్చిన రోజే టెస్ట్ టోన్‌తో ప్రతి ఛానెల్‌నూ, ఒక్కొక్కటిగా ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టునూ పరీక్షించాలి, వెనక్కి ఇచ్చే గడువు ముగిసేదాకా థర్మాకోల్‌తో సహా పెట్టెను పారేయకూడదు.