మొబైల్ డేటాపై సొంత సందేశ సర్వర్‌ను నిలబెట్టే విధానం
కొత్తపట్నం తీరంలో వేటకు వెళ్లే బోట్ల వారికీ, ఒంగోలులోని చేపల వ్యాపారులకూ ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని సందేశ వ్యవస్థ కావాలంటే, 2004లోనే ప్రమాణంగా వెలువడిన సందేశాల మార్పిడి నియమావళి అయిన ఎక్స్‌ఎంపీపీని ఎంచుకోవడం మేలు. డొమైన్ (సర్వర్‌కు ఇంటర్నెట్‌లో ఉండే పేరు) తీసుకుని, అద్దె సర్వర్‌పై ప్రోసొడీ అనే ఎక్స్‌ఎంపీపీ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను నెలకొల్పి, ఫోన్ల కోసం 5222, ఇతర సర్వర్లతో అనుసంధానానికి 5269 పోర్టులను (సర్వర్‌లోకి డేటా వచ్చే దారులను) తెరవండి. కనెక్షన్‌ను గుప్తీకరించడానికి టీఎల్ఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి.

అసలు చిక్కు మొబైల్ నెట్‌వర్క్‌లోనే ఉంది. కాసేపు డేటా కదలకపోతే కనెక్షన్ చడీచప్పుడు లేకుండా తెగిపోతుంది. దాన్ని నిలపడానికి ఫోన్ పదేపదే సర్వర్‌ను పలకరిస్తే బ్యాటరీ తరిగిపోతుంది. అందుచేత సర్వర్‌లో స్ట్రీమ్ మేనేజ్‌మెంట్ అనే సదుపాయాన్ని ఆన్ చేయాలి: బోటు సిగ్నల్ దాటి కొద్దిసేపటికే తిరిగి వస్తే, ఫోన్ అందుకున్నట్టు ధ్రువీకరించని సందేశాలను సర్వర్ మళ్లీ పంపుతుంది. వేట గంటల తరబడి సాగేచోట సందేశాలను సర్వర్‌లో భద్రపరిచే మాడ్యూల్ (సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే భాగం) కూడా ఉండాలి, దీన్ని మాత్రం వదిలేయకండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్స్‌ఎంపీపీతో పనిచేసే కాన్వర్సేషన్స్ యాప్ వేసి, బ్యాటరీ ఆదా నియంత్రణ నుంచి దానికి మినహాయింపు ఇవ్వండి. ఆపై వేరే సర్వర్‌లోని ఖాతాకు సందేశం పంపి, జవాబు వస్తున్నదో లేదో పరీక్షించండి.