దారి చూపే డబ్బాకి కరెంటు అందకపోతే

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగు పని చేస్తాను, ఇరవై ఏళ్లు దాటింది. నావిగేషన్ డబ్బా పాడైందని వచ్చేవాళ్లలో చాలామంది డబ్బా ఒక్కటే సంచిలో వేసుకుని స్కూటర్ మీద వస్తారు. కారు ఇంటి దగ్గర, ఛార్జరు కారులో. వెళ్లి కారు తీసుకురమ్మంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. నేనేం చేయను? కరెంటు బ్యాటరీ దగ్గర బయల్దేరి ఫ్యూజు, సాకెట్ (ఛార్జరు గుచ్చే సిగరెట్ లైటర్ రంధ్రం), ఛార్జరు, వైరు దాటుకుని ఆఖర్న డబ్బాకి చేరుతుంది. జబ్బు ఎక్కువగా ఆ దారిలోనే ఉంటుంది, డబ్బాలో తక్కువ.

చేతిలో ఫోను ఉండగా ఇంకా ఈ డబ్బాలు ఎవరు వాడతారు అంటారేమో. దోర్నాల దాటి నల్లమల ఎక్కాక ఫోనులో సిగ్నల్ ఎలా ఉంటుందో శ్రీశైలం వెళ్లివచ్చినవాళ్లని అడగండి. పైగా ఇక్కడ చెప్పేదాంట్లో సగం ఫోనుకీ, డాష్ కెమెరాకీ కూడా పనికొస్తుంది.

వోల్టులు కొలిచే మీటరు జోలికి పోకముందే చేయాల్సిన పని ఒకటుంది. డబ్బా ఛార్జరు తీసేసి, అదే సాకెట్లో మీ ఫోను ఛార్జరు పెట్టి చూడండి. ఫోను కూడా ఎక్కకపోతే సాకెట్‌కే కరెంటు రావట్లేదు. ఫోను ఎక్కుతుంటే సాకెట్‌ని వదిలేసి ఛార్జరు, వైరు చూసుకోవాలి. తర్వాత డబ్బా ఛార్జర్‌ని పక్కింటివాళ్ల కారులో పెట్టి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వైరూ ఛార్జరూ రెండూ కలిపి కొత్తవి తెచ్చి పెట్టేస్తే డబ్బా వెలుగుతుంది నిజమే, కానీ పాతవాటిలో బాగున్నది కూడా చెత్తబుట్టలోకి పోతుంది.

ఇంకో మాట. కొన్ని కార్లలో తాళం ఒక మెట్టు తిప్పితేనే సాకెట్‌కి కరెంటు వస్తుంది, కొన్నిట్లో తాళం తీసేసినా వస్తూనే ఉంటుంది. కారు మార్చినవాళ్లు ఇది తెలియక కంగారుపడతారు. మొదటి రకం కారులో తాళం తీసి, డబ్బా వెలగట్లేదని టెన్షన్ పడటం అనవసరం. రెండో రకంలో డబ్బాని వారం రోజులు తగిలించి వదిలేస్తే బండి బ్యాటరీ మీద భారం పడుతుంది.

సాకెట్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కేసులు ఇక్కడే ఎక్కువ. తాళం తీసేసి, ఫోను టార్చి వేసి లోపలికి చూడండి. అడుగున మధ్యలో ఉన్న బొడిపె ప్లస్, చుట్టూ ఉన్న గోడ ఎర్త్. ఈ రెండింటి మధ్య ఇనుప ముక్క ఏది పడ్డా ఫ్యూజు ఎగిరిపోతుంది. మా వైపు అలా పడేది ఎక్కువగా రూపాయి బిళ్ల. కనకదుర్గ వారధి దాటేటప్పుడు కృష్ణమ్మకి వేద్దామని చిల్లర గేరు ముందున్న గిన్నెలో పెట్టుకుంటారు. సాకెట్ దాని పక్కనే, మూత ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఫాస్టాగ్ వచ్చాక టోల్‌గేటు చిల్లర తగ్గింది కానీ కృష్ణమ్మ చిల్లర తగ్గలేదు. బిళ్లని స్క్రూడ్రైవర్‌తో కెలకొద్దు. ముందు ఫ్యూజు పీకేసి, ఆ తర్వాత పుల్ల చివర కాస్త బంక అంటించి తీయండి.

ఫ్యూజు పెట్టె సాధారణంగా స్టీరింగు కింద మోకాలి దగ్గర ఒకటి, బానెట్ కింద ఒకటి ఉంటాయి. ఏ ఫ్యూజు దేనిదో మూత లోపలి బొమ్మలోనో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. లైటర్ అనో, పవర్ అవుట్‌లెట్ అనో, సిగరెట్ బొమ్మతోనో చూపిస్తారు. పీకి వెలుతురుకి పట్టుకుంటే లోపలి సన్న తీగ తెగిందో లేదో కనిపిస్తుంది. ఎరుపుది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఏ రంగు తీశారో అదే రంగు పెట్టాలి. ఒకాయన దారిలో ఫ్యూజు దొరక్క సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టుకొచ్చాడు. డబ్బా పనిచేసింది. ఆ తర్వాత టైర్లకి గాలి కొట్టే చిన్న పంపు పెట్టాడు, కాగితం తెగలేదు, డాష్‌బోర్డు కింద వైరు కాలింది. ఫ్యూజు ఖరీదు టీ డబ్బులంత కూడా ఉండదు, నాలుగు కొని బండిలో పడేసుకోండి. కొత్తది పెట్టగానే మళ్లీ పోతే మూడోది పెట్టకండి, లోపల ఎక్కడో షార్ట్ ఉంది.

అసలు ఆ గాలి పంపే చాలా ఫ్యూజులు పోవడానికి కారణం. సాకెట్ మీద 120 వాట్లు అని రాసి ఉంటే 12 వోల్టుల దగ్గర అది 10 ఆంపియర్లు. పంపు ఒక్కటే ఒక్కోసారి అంత లాగేస్తుంది. నావిగేషన్ డబ్బా లాగేది అందులో పదో వంతు కూడా ఉండదు. పొద్దున గాలి కొట్టుకుని, సాయంత్రం డబ్బా వెలగలేదని వస్తారు. మధ్యలో ఏం జరిగిందో అడిగితే తప్ప చెప్పరు.

మీటరు ఉన్నవాళ్లు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర పుల్ల బొడిపెకి, నల్లది గోడకి ఆనించండి. ఇంజను ఆపి ఉంటే 12.6 దగ్గర, నడుస్తుంటే 13.5 నుంచి 14.5 లోపు చూపించాలి. అయితే ఇక్కడ మీటరు మోసం చేస్తుంది. సాకెట్ వెనక వైరు బిగించే టెర్మినల్ తుప్పు పట్టి వైరు ఒక్క పోగు మీద వేలాడుతున్నా మీటర్లో 12 వస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు దాదాపు లాగదు. అందుకే నేను ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అతికించి పెట్టుకున్నాను. బల్బు తెల్లగా వెలిగితే సాకెట్ బాగున్నట్టు. మిణుకుమిణుకుమంటూ మీటర్లో వోల్టేజీ పడిపోతుంటే టెర్మినలో, ఎర్తో వదులైంది. గతుకుల్లో మాత్రమే డబ్బా ఆరిపోతోంది అనేవాళ్లకి ఈ బల్బే పరీక్ష.

ఇక ఛార్జరు. ముక్కు దగ్గర గుండ్రటి మూత మర తిప్పితే ఊడిపోయే రకాలున్నాయి. లోపల స్ప్రింగు, దాని వెనక చిన్న గాజు ఫ్యూజు ఉంటాయి. కింద గుడ్డ పరుచుకుని విప్పండి, స్ప్రింగు ఎగిరి సీటు కిందికి పోతే ఆ రోజు పని అయినట్టే. పక్కనున్న రేకులు లోపలికి నొక్కుకుపోతే ఛార్జరు సాకెట్లో వదులుగా తిరుగుతుంది, వాటిని వేలితో కొద్దిగా బయటికి లాగితే చాలు. ముక్కు నల్లబడినా, ప్లాస్టిక్ కరిగినా బాగుచేయాలని చూడొద్దు. ఛార్జరు పెట్టగానే ఎఫ్ఎం రేడియోలో గర్రుమని మోగితే అది నాసిరకం సరుకు, దాన్నీ మార్చేయండి.

వైరు గురించి ఒక మాస్టారి కథ చెప్పాలి. గుడివాడలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, డబ్బా వాళ్లబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడు. "కారులో పెడితే మ్యాపు పోయి కంప్యూటర్ బొమ్మ వస్తోందయ్యా" అన్నారు. "మీరు వైరు మార్చారా మాస్టారూ?" అన్నాను. మార్చారు. అసలు వైరుని ఎలుక కొరికితే, అలాంటి మూతి ఉన్న పాత కెమెరా వైరు పెట్టుకున్నారు. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ అలాంటి కొన్ని డబ్బాల కారు వైరులో ఐదు పిన్నుల్లో నాలుగోది ఖాళీగా వదలరు, ఇది కరెంటు వైరు సుమా అని డబ్బాకి చెప్పడానికి దాన్ని కలుపుతారు. మామూలు వైరు పెడితే డబ్బా తనని కంప్యూటర్‌కి తగిలించారనుకుని మ్యాపు ఆపేస్తుంది. ఆ మోడల్‌కి చెప్పిన కారు వైరే తెప్పించాం, మ్యాపు వచ్చింది. "పరీక్షలో రోల్ నంబరు వేయనట్టు" అని మాస్టారు నవ్వారు.

ఛార్జింగ్ అని చూపిస్తూనే శాతం తగ్గిపోతుంటే వైరు సన్నమో, మరీ పొడుగో. 5 వోల్టులు బయల్దేరి చివరికి నాలుగున్నర చేరితే డబ్బాకి సరిపోదు. మూతి దగ్గర వంచి పట్టుకుంటేనే వెలిగే వైరుకి టేపు చుట్టి లాభం లేదు.

మే నెలలో మధ్యాహ్నం అద్దం కింద పెట్టిన డబ్బా ఛార్జ్ ఎక్కకపోతే దాన్ని తిట్టకండి. లోపలి లిథియం బ్యాటరీ సుమారు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ తీసుకోకూడదు, అందుకే డబ్బా తనే ఆపేస్తుంది. ఏసీ గాలి తగిలేచోట కాసేపు పెట్టండి. ఇంజను స్టార్ట్ చేసిన క్షణంలోనే ఆరిపోయి మళ్లీ వెలిగితే కారణం వేరు. స్టార్టర్ తిరిగేటప్పుడు సాకెట్‌కి కరెంటు తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. ఆ రెండు సెకన్లు డబ్బాని దాని సొంత బ్యాటరీ నిలబెట్టాలి. నిలబెట్టలేదంటే ఆ బ్యాటరీ పని అయిపోయింది. అన్నీ బాగుండి తెర మాత్రం బిగుసుకుపోతే పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, చాలావాటికి అది చాలు.

లారీవాళ్లు ఛార్జరు మీద 12-24 అని ఉందో లేదో చూసి కొనాలి. లారీలో ఉండేది 24 వోల్టులు. 12 మాత్రమే రాసి ఉన్న ఛార్జరు పెడితే పొగ వస్తుంది.

డాష్‌బోర్డులో బిగించే పెద్ద తెర స్టీరియో అయితే, దాని వెనక సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. కారు తీసిన ప్రతిసారీ గడియారం, సెట్టింగులు మొదటికి వస్తుంటే పసుపు వైరు అందట్లేదు, లేదా పసుపూ ఎరుపూ తారుమారయ్యాయి. ఒకటి గుర్తుంచుకోండి, పసుపు తొడుగులో వచ్చి పసుపు కనెక్టర్‌లో దూరే వైర్లు ఎయిర్‌బ్యాగువి. స్టీరియో పసుపు వైరు వేరు, ఇవి వేరు. వాటిని మేమే ముట్టుకోం.

డబ్బా వెనక భాగం ఉబ్బినా, తెర ఒక మూల పైకి లేచినా లోపల బ్యాటరీ పొంగింది. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, ఎండలో కారులో వదిలేయొద్దు. అప్పుడు మాత్రం కారు అక్కర్లేదు, డబ్బా ఒక్కటే పట్టుకుని స్కూటర్ మీద వచ్చేయండి.