ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ మారడం లేదా? ఇలా సరిచేయండి

22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ అయింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సెట్టింగ్స్ ఫైల్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్‌లో పోర్ట్ 2222 అని రాసి సర్వీస్ రీస్టార్ట్ చేశారు. ఎర్రర్ రాలేదు, కానీ సర్వర్ ఇంకా 22 మీదే లిజన్ చేస్తోంది.

మీరు రాసిన లైన్‌లో తప్పు లేదు. ఉబుంటు 22.10 నుంచి పోర్ట్ తెరిచే పని ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్‌లో లాగిన్లు చూసుకునే ప్రోగ్రామ్) చేతిలో లేదు, సర్వీసులన్నిటినీ నడిపించే సిస్టమ్‌డీకి వెళ్లింది. ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్ అనే యూనిట్ పోర్ట్ పట్టుకుని కూర్చుంటుంది, ఎవరైనా కనెక్ట్ అయితేనే ఎస్‌ఎస్‌హెచ్‌డీని లేపుతుంది. అమీర్‌పేట కోచింగ్‌లో చేతికి అలవాటైన 'ఫైల్ ఎడిట్, సర్వీస్ రీస్టార్ట్' పోర్ట్ విషయంలో ఇక సరిపోదు.

లాగిన్ అయి ఉన్న టెర్మినల్‌ను మాత్రం మూయకండి. లాగిన్ దారి మూసుకుపోతే, మెషీన్ మాదాపూర్ ఆఫీసులో ఉంటే వెళ్లి మానిటర్ తగిలించుకోవచ్చు. అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో ఉంటే, ఊళ్లోనే ఉన్నా దాని దగ్గరకు వెళ్లలేరు. యూఎఫ్‌డబ్ల్యూలోనూ (ఉబుంటు ఫైర్‌వాల్) క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్‌లోనూ (క్లౌడ్ వైపు ఫైర్‌వాల్) 2222ని ముందే తెరిచి పెట్టుకోండి.

పోర్ట్ ఎవరి చేతిలో ఉందో చూడండి:

సుడో ఎస్‌ఎస్ -టీఎల్ఎన్‌పీ

22 ఉన్న లైన్ చివర సిస్టమ్‌డీ, పీఐడీ=1 కనిపిస్తే సమస్య ఇదే. ఇప్పుడు వరుసగా:

సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ (చిన్న టీ, ఏమీ చెప్పకపోతే ఫైల్ బాగున్నట్టే)
సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్

ఎక్కువమంది వదిలేసేది రెండో కమాండ్. 24.04లో మీ పోర్ట్ లైన్‌ను చదివి సాకెట్‌కు అందించే జనరేటర్ ఒకటి ఉంది. అది నడిచేది బూట్ అయ్యేటప్పుడు, లేదంటే డీమన్-రీలోడ్ కొట్టినప్పుడు.

అప్పటికీ 22 పోలేదా? 'సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్' కొడితే ఏ ఫైల్ నుంచి ఏ లైన్ వస్తోందో మొత్తం బయటపడుతుంది. 22.10, 23.04, 23.10 మీదుగా వచ్చిన మెషీన్లలో అప్పట్లో చేత్తో రాసిన ఓవర్‌రైడ్ ఫైల్ (అసలు సెట్టింగ్‌ను మార్చే ఫైల్) ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్.డీ ఫోల్డర్‌లో మిగిలి ఉండొచ్చు. దాన్ని తీసేసి, డీమన్-రీలోడ్, సాకెట్ రీస్టార్ట్ కమాండ్లు రెండూ మళ్లీ ఇవ్వండి. ఓవర్‌రైడ్ ఉంచుకోవాలనుకుంటే అందులో ముందు 'లిజన్‌స్ట్రీమ్=' అని ఖాళీ లైన్, దాని కింద 'లిజన్‌స్ట్రీమ్=2222' ఉండాలి. ఖాళీ లైన్ లేకపోతే పాత పోర్ట్ పోదు, రెండూ తెరుచుకుంటాయి.

పోర్ట్ కుదిరినా, మీరు 'నో' పెట్టిన పాస్‌వర్డ్ లాగిన్ ఆగకపోతే కారణం వేరు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్‌లోని ఫైళ్లను మెయిన్ ఫైల్ మొదట్లోనే కలుపుకుంటుంది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ మొదట చదివిన విలువనే ఖాయం చేసుకుంటుంది. క్లౌడ్ ఇమేజ్‌లలో 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ తరచూ పాస్‌వర్డ్‌అథెంటికేషన్‌ను 'యెస్' అని పెట్టి ఉంచుతుంది, కింద మీరు రాసిన 'నో' దాకా వ్యవహారం రాదు. మీ సెట్టింగ్‌ను 01తో మొదలయ్యే పేరున్న ఫైల్‌లో రాసి సర్వీస్ రీలోడ్ చేయండి.

సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ, ఈసారి పెద్ద టీ, అసలు అమల్లో ఉన్న విలువలన్నీ చూపిస్తుంది. అందులో పాస్‌వర్డ్‌అథెంటికేషన్ నో అని కనిపించి, కొత్త టెర్మినల్ నుంచి 2222 మీద లాగిన్ అయ్యాకే పాతది మూయండి.