పిల్లలకు పైసల లెక్క నేర్పడం: గల్లగురిగి నుంచి మిత్తి దాకా

దేవరకొండ దగ్గర ఒక పల్లెలో నేను పన్నెండేళ్లుగా మహిళా పొదుపు సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. సంఘంలో కొత్తగా చేరిన అక్కలు తొలి నెలల్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: రెండు రూపాయల మిత్తికి తెచ్చిన పదివేలకు ఏడాది తిరిగేసరికి ఎంత కట్టాలి? ముప్పై ఏళ్లు పత్తి, వరి పండించి ఇల్లు నడిపిన మనిషికి ఆ లెక్క రాకపోవడం ఆమె తెలివితక్కువతనం కాదు. చిన్నతనంలో ఎవరూ ఆమె చేతికి పది రూపాయలు ఇచ్చి, వాటిని ఏం చేశావని అడగలేదు. ఆ పని మన పిల్లల విషయంలో ఆరేళ్ల వయసులోనే మొదలుపెట్టవచ్చునని నా నమ్మకం. మా ఇద్దరు పిల్లలతో చేసి చూసి, సరిదిద్దుకుంటూ వచ్చిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేయవలసింది పిల్లల చేతికి పైసలు ఇవ్వడం. అడిగినప్పుడల్లా ఐదు, పది ఇవ్వడం వేరు, వారానికి ఒక రోజు నిర్ణయించి ఆ రోజు తప్పకుండా ఇవ్వడం వేరు. అడిగితే దొరికే పైసలతో పిల్లలు నేర్చుకునేది అడగడమే. ఆదివారం ఇరవై రూపాయలు వస్తాయని, మళ్లీ ఆదివారం దాకా ఇంకేమీ రావని తెలిసిన పిల్లవాడు బుధవారం నాడు ఐస్ బండి ముందు నిలబడి ఆలోచిస్తాడు, ఆ ఆలోచనే మనకు కావలసిన చదువు. ఎంత ఇవ్వాలన్నది మీ ఇంటి స్థితిని బట్టి ఉంటుంది; మొత్తం చిన్నదైనా ఫరవాలేదు గాని, వారం తప్పకూడదు. గిన్నెలు కడిగినందుకో, నీళ్లు పట్టినందుకో, మంచి మార్కులు తెచ్చుకున్నందుకో మాత్రం ఈ పైసలు ఇవ్వవద్దు. ఇంటి పని ఇంట్లో ఉన్నవాళ్లందరిదీ; దానికి కూలి కట్టడం మొదలుపెడితే రేపు మంచినీళ్లు తెమ్మన్నా ఎంతిస్తావని అడుగుతారు.

దసరాకో, పెళ్లికో వచ్చిన మేనమామ, చిన్నమ్మ తిరిగి వెళ్లేటప్పుడు పిల్లల చేతిలో వందనోటు పెట్టడం మన దగ్గర ఉన్న ఆచారమే. వాళ్లు గడప దాటగానే "ఇటియ్యి బిడ్డా, నేను దాచిపెడ్త" అని తల్లి ఆ నోటు తీసుకుంటుంది, తరువాత అది మళ్లీ పిల్లల కంటపడదు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. దాచడం అంటే పోగొట్టుకోవడమని పిల్లలకు మనమే నేర్పుతున్నామని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇంట్లో నిజంగా అవసరం ఉంటే ఆ నోటును పిల్లల దగ్గర అప్పుగా తీసుకుని, ఎప్పుడు ఇస్తారో చెప్పి, ఆ రోజుకు తిరిగి ఇవ్వండి.

ఇక దాచే చోటు విషయం. కుమ్మరి చేసిన గల్లగురిగిని పగలగొడితే తప్ప పైసలు బయటికి రావు, అదే దాని బలం. కాని ఆరేడేళ్ల పిల్లలకు లోపల ఎంత పెరిగిందో కనిపించకపోతే నాలుగు రోజుల్లో ఆసక్తి పోతుంది. అందుకని మొదటి రెండేళ్లు ఖాళీ అయిన పచ్చడి సీసాను కడిగి ఇవ్వండి, దాని మీద పిల్లలు దేనికోసం కూడబెడుతున్నారో ఆ వస్తువు బొమ్మను వాళ్ల చేతనే గీయించి అతికించండి. కోరిక చిన్నదిగా, దగ్గరగా ఉండాలి: ఆరేళ్ల పిల్లకు మూడు వారాల్లో తీరేది, పదేళ్ల పిల్లకు మూడు నెలల్లో తీరేది. సైకిల్ కొనుక్కోవడానికి పైసా పైసా కూడబెట్టమని ఆరేళ్ల పిల్లవాడికి చెబితే వాడికి ఆ రోజు ఎన్నటికీ రానట్టే అనిపిస్తుంది. గల్లగురిగి ఆ తరువాత, ఎదురుచూడటం అలవాటైన పిల్లలకు పనికి వస్తుంది.

మూడో తరగతికి వచ్చి కూడికలు, తీసివేతలు వచ్చాక ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చి, అందులో తేదీ, జమ, ఖర్చు, నిల్వ అని నాలుగు గడులు గీయించండి. సంఘం పుస్తకంలో నేను గీసేవీ ఇవే. మా అబ్బాయి పుస్తకంలో ఒక వారం లెక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది: జమ 50, ఐసుకు 10, పెన్నుకు 10, ఆ కింద "యాదికి లేదు" అని రాసి 7, నిల్వ 23. చేతిలో 23 ఉన్నాయి కనుక ఏడు రూపాయలు ఎక్కడో పోయాయని వాడే తీసివేత చేసి తెలుసుకుని, దాచకుండా రాశాడు. ఆ వరుస చూసి నేను ఒక్క మాట కూడా అనలేదు, మీరూ అనవద్దు. తిడితే పిల్లలు రెండో వారానికల్లా అబద్ధపు లెక్క రాయడం నేర్చుకుంటారు, అప్పుడు పుస్తకం ఉండీ లాభం లేదు. కొన్ని వారాలు పోయాక ఆ "యాదికి లేదు" అన్న వరుస దానంతట అదే తగ్గుతూ వచ్చింది. పుస్తకం వారానికి ఒకసారి చూడండి, రోజూ వద్దు.

పిల్లలు పైసలు వృథా చేస్తే చూస్తూ ఊరుకోవడం తల్లిదండ్రులకు అన్నిటికన్నా కష్టమైన పని. మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు వెళ్లినప్పుడు తొమ్మిదేళ్ల మా అమ్మాయికి రెండు వందలు ఇచ్చి, ఈ రోజుకు ఇవే అని చెప్పాను. గుట్ట కింద మొదట కనబడిన దుకాణంలోనే బ్యాటరీతో వెలిగే బొమ్మ ఫోనును 120 రూపాయలకు కొన్నది. రంగులరాట్నానికి 50, గాజులకు 30 పోయాయి. నార్కట్‌పల్లిలో బస్సు ఎక్కేసరికి ఆ ఫోను వెలగడం మానేసింది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది, వాళ్ల నాయన చేయి జేబులోకి పోయింది. నేను ఆ చేయి పట్టుకుని ఆపాను, ఇంటికి వచ్చేదాకా ఆయన నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు అదే జాతరలో ఆ పిల్ల ఏమీ కొనకుండా ముందు దుకాణాలన్నీ ఒక చుట్టు తిరిగింది, ఒక దుకాణంలో అడిగిన ధరను రెండో దుకాణంలో చెప్పి బేరం చేసింది, ఇంటికి వచ్చాక 65 రూపాయలు తీసి సీసాలో వేసింది. ఆ రోజు ఇంకో బొమ్మ కొనిచ్చి ఉంటే ఈ చుట్టు తిరిగేది కాదు. తొమ్మిదేళ్ల వయసులో 120 రూపాయలతో పోయే తప్పు ముప్పై ఏళ్ల వయసులో లక్షలతో పోతుంది.

కిరాణం దుకాణానికి పంపేటప్పుడు సరిపడా చిల్లర ఇవ్వకుండా కొంచెం పెద్ద నోటు ఇచ్చి, మిగిలినది లెక్కపెట్టి తెమ్మనండి. షాంపూ పొట్లాలు పది కొంటే ఎంత, సీసా కొంటే ఎంత అని వాళ్ల చేతనే చూయించండి. ఉద్దెరకు పంపవలసి వస్తే, నెలాఖరున బాకీ తీర్చడానికి వెళ్లేటప్పుడు అదే పిల్లవాడిని వెంట తీసుకువెళ్లండి. ప్రతిసారీ ఉత్త చేతులతో వెళ్లి సామాను తెచ్చినవాడు ఆ మొత్తాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలి.

జీతం వచ్చే ఇళ్లకు, పంట మీద బతికే ఇళ్లకు మధ్య తేడా ఇక్కడ చెప్పాలి. మనకు నెల నెలా పైసలు రావు, పత్తి అమ్మిన రోజునో, వడ్లు అమ్మిన రోజునో ఒక్కసారిగా వస్తాయి. ఆ రోజు ఇంట్లో అందరి ముఖాలూ వెలుగుతాయి కనుక పిల్లలకు మనం ధనవంతులమన్నట్టే కనిపిస్తుంది, మూడు నెలల తరువాత బడి ఫీజుకు ఎందుకు వెనకాడుతున్నామో వాళ్లకు అర్థం కాదు. దీనికి నేను చింతగింజలు వాడుతాను. గింజకు వెయ్యి రూపాయలు అనుకుని, లక్షకు వంద గింజలు చాప మీద పోసి, పిల్లలనే కుప్పలు పెట్టమంటాను. అప్పుకు, మిత్తికి 38, వచ్చే పంట విత్తనాలకు, ఎరువులకు 22, నెలకు రెండు చొప్పున పన్నెండు నెలల ఇంటి ఖర్చుకు 24, బడికి, బస్సుకు, మందులకు 9, పండుగలకు 4. చాప మీద మూడు గింజలు మిగిలాయి. "గీ మూడేనా అమ్మా?" అని అడిగిన మా అబ్బాయి కాసేపు ఆ కుప్పల వైపే చూసి, పండుగల కుప్పలోంచి ఒక గింజ తీసి ఆ మూడింటి పక్కన పెట్టాడు. ఇంటి లెక్కలు పిల్లల ముందు మాట్లాడవద్దని పెద్దలు అంటారు. అప్పుల గురించిన తగాదాలు వాళ్ల ముందు వద్దన్నది నిజమే గాని, లెక్క దాచడం మంచిది కాదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మిత్తికి ఇవ్వండి, ఎందుకంటే మన ప్రాంతంలో ఇళ్లను కుంగదీసింది పొదుపు లేకపోవడం కన్నా మిత్తి లెక్క తెలియకపోవడమే ఎక్కువని నేను చూశాను. నూటికి రెండు రూపాయలు అంటే చెవికి తక్కువగానే వినిపిస్తుంది. అది నెలకు అన్న మాట ఎవరూ పైకి చెప్పరు. పదివేలకు నెలకు 200, ఏడాదికి 2,400. అదే పదివేలు నాలుగు శాతం వడ్డీ వచ్చే పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఉంటే ఏడాదికి వచ్చేది 400. ఈ రెండు అంకెలను ఒకదాని పక్కన ఒకటి పిల్లల చేత రాయించండి. పదేళ్లు దాటిన పిల్లలకు అప్పు ఇచ్చి కూడా నేర్పవచ్చు. బంతి వంద రూపాయలు, పిల్లవాడి దగ్గర అరవై ఉన్నాయి. నలభై అప్పు ఇచ్చి, వారానికి పది అసలు, రెండు మిత్తి చొప్పున నాలుగు వారాలు కిస్తీ కట్టించుకోండి. నాలుగో వారం ముగిసేసరికి బంతి ధర 108 అయిందని వాడికి తెలుస్తుంది. ఆ ఎనిమిది రూపాయలు జాలిపడి వదిలేయవద్దు. నిజమైన అప్పులో ఎవరూ వదలరు.

పదేళ్లు నిండాక బ్యాంకుకో, పోస్టాఫీసుకో తీసుకువెళ్లండి. పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను తమంతట తాము తెరిచి నడుపుకునేందుకు రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది; ఎంతవరకు అన్న పరిమితిని ఆయా బ్యాంకులు నిర్ణయిస్తాయి. అంతకన్నా చిన్నవాళ్లకు సంరక్షకుల ద్వారా తెరవాలి, తల్లి కూడా సంరక్షకురాలిగా ఉండవచ్చు. పోస్టాఫీసు పొదుపు ఖాతాకు కనీసం 500 రూపాయలు కావాలి. జమ చీటీ మీరు నింపకండి, తప్పులు పోయినా పిల్లల చేతనే నింపించండి. ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలి: ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర వరకు, పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు మొత్తం చేతికి వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండినా, పదో తరగతి పూర్తయినా, చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు. ఆ పాసుపుస్తకాన్ని బీరువాలో తాళం వేసి ఉంచకుండా ఏడాదికి ఒకసారి అమ్మాయికే ఇచ్చి చదివించండి. ఇంకొక మాట కూడా చెప్పండి: బ్యాంకు మూతపడినా ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల వరకు బీమా ఉంటుంది, నోటి మాట మీద నడిచే చిట్టీకి అటువంటి రక్షణ ఏదీ ఉండదు.

ఫోనుతో చెల్లించే ఈ రోజుల్లో పైసలు పోవడం పిల్లల కంటికి కనిపించడం లేదు. దుకాణంలో స్కాన్ చేసినప్పుడల్లా ఎంత పోయింది, ఖాతాలో ఎంత మిగిలింది అన్నది వాళ్ల చేత చదివించండి, పిన్ను మాత్రం చెప్పవద్దు. మనకు పైసలు రావడానికి పిన్ను కొట్టవలసిన పని ఎప్పుడూ లేదని, కొట్టమన్నవాడు దొంగేనని, పొరపాటున పైసలు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని చెప్పండి. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన తెలంగాణ రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. అయినా ఆశ చూపే సందేశాలు ఫోనుకు వస్తూనే ఉంటాయి. వాటిని దాచకుండా పిల్లలకు చూపించి, ఎందుకు ముట్టుకోకూడదో అప్పుడే మాట్లాడండి.

వారం వారం ఇస్తామన్న మీ మాట కూడా కొన్నిసార్లు తప్పుతుంది. చేతిలో లేనప్పుడు లేవని చెప్పండి, మరిచిపోయినట్టు నటించకండి. కిందటి వానాకాలంలో నేను మూడు వారాలు ఇవ్వలేకపోయాను. మా అమ్మాయి తన పుస్తకంలో "అమ్మ బాకీ 90" అని రాసుకుని కింద గీత కొట్టుకుంది. పత్తి పైసలు వచ్చిన రోజు, విత్తనాల షావుకారు బాకీ తీర్చి వచ్చిన తరువాత ఆ తొంభై ఇచ్చి, ఆ వరుసను దాని చేతనే కొట్టివేయించాను.